సుగుణమ్మ మేడం గీసిన హవాయి ఒడ్డు

పక్కింటి గోడకు సున్నం వేస్తున్నారు. ఆ తడి వాసన కిటికీలోంచి రాగానే సుగుణమ్మ మేడం గుర్తొచ్చింది. ఓర్వకల్లు దగ్గర ఒక చర్చి బడిలో ఆమె డ్రాయింగ్ టీచరు. నేను అక్కడ కొత్తగా చేరిన పంతులమ్మను. నాకు కుంచె పట్టడం నేర్పింది ఆమే.

ఆ సంవత్సరం ఫ్యాక్టరీల కోసం భూములు చూడటానికి విదేశీయులు వస్తున్నారని, రోడ్డు పక్కనున్న పొడవాటి గోడ మీద స్వాగత చిత్రం వేయమని ఒక అధికారి ఆమెను అడిగాడు. హవాయి దీవుల్లో ఓడ దిగిన తెల్లవాళ్ల మెడలో అక్కడి ఆడవాళ్లు పూలదండలు వేస్తున్న బొమ్మ ఫోనులో చూపించి, అలాంటిదే కావాలన్నాడు. మేడం సరేనంది. తనకు తండ్రి ఇచ్చిన జొన్నచేను అప్పటికే ఆ భూముల్లో కలిసిపోయిందన్న సంగతి మాత్రం అతనికి చెప్పలేదు.

ఆ దీవుల గురించి దొరికిందల్లా చదివింది. ఓడలతో పాటు రోగాలొచ్చాయని, జనం కుప్పలుగా రాలిపోయారని, చివరికి నేల కూడా వాళ్లది కాకుండా పోయిందని సాయంత్రాలు నాకు చెప్పేది. సముద్రం ఎన్నడూ చూడని మనిషి నీలం కలిపి కలిపి అలలు తెప్పించింది. గోడకు ఎడమవైపు ఓడలు, దండలు, నవ్వులు. కుడివైపు అదే ఒడ్డు. గుడిసెల ముందు జబ్బుపడ్డవాళ్లు, కంచె బయట నిలబడి తమ చెట్లను తామే చూసుకుంటున్న ముసలివాళ్లు. ఆ ముఖాలు మా ఊరివి. చేను పోయిన దిగులుతో భర్త చనిపోయిన ఓబులమ్మవ్వ వచ్చి, కంచె పక్కనున్న ఒక మనిషిని చేత్తో తడిమి చూసింది.

"మా ఇంటాయన ఈడ నిలబడినాడు కదమ్మా," అని అక్కడే కూలబడి ఏడ్చింది.

అధికారి చూసి కోప్పడలేదు. వచ్చేవాళ్లకు ఇవన్నీ ఎందుకని, కుడివైపు సగం తీసేయమని మర్యాదగానే చెప్పాడు.

"సగమే గీస్తే అబద్ధమైతాది సార్," అంది మేడం.

మర్నాడు కూలీలు ఆ సగానికి సున్నం కొట్టారు. మేడం రోడ్డు అవతల నిలబడి చూసింది. ఎడమవైపు నవ్వుల కింద తన పేరైనా చెరిపేయమని అడిగింది. స్థానిక కళాకారిణి పేరు ఉండాల్సిందేనన్నారు. అతిథులు ఆ నవ్వుల ముందు ఫోటోలు దిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆమె కుంచె ముట్టలేదు. జబ్బుచేసి పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని, బాగయ్యాక మళ్లీ గీద్దాం మేడం అన్నాను.

"యాడ గీస్తామమ్మా? గోడలన్నీ వాళ్లవే అయిపోయినాయి."

ఆమె ఆ మంచం మీద నుంచి లేవలేదు.

ఇప్పుడు ఆ బడిలో డ్రాయింగ్ నేనే చెబుతున్నాను. మనుషుల్ని గీయమంటే పిల్లలు ముందు నవ్వే గీస్తారు. వీళ్లెందుకు నవ్వుతున్నారని అడగాలనిపిస్తుంది. అడిగితే ఎవరో ఒకరు నిజంగానే ఆలోచించి గీస్తారు. అలా గీసినవాళ్లకు ఏమవుతుందో మేడం విషయంలో నేను చూశాను. అందుకే ఏమీ అనకుండా రంగులు అందిస్తాను.