ముందు నా మార్కు

రేపల్లె బడిలో ఆరో తరగతికి భిన్నాలు చెబుతుంటే గుండె దడదడలాడి, సుద్దముక్క చేతిలోంచి జారింది. నిరుడు, అంటే డెబ్బై ఒకటిలో మాట. వెనక బెంచీలో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ గారు నా పాఠాల నోట్సులో ‘చూశాను’ అని ఒక్క మాట రాసి వెళ్లిపోయారు. ఆనాటి నుంచి నాకు అన్నం సయించలేదు.

బాపట్లలో టీచర్ ట్రైనింగ్‌లో మేం పాఠం చెబితే తోటివాళ్లు వెనక కూర్చుని రిమార్కులు రాసేవారు. ‘బాగుంది’ అని ఉంటే రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని, లేకపోతే పస్తే. అది జబ్బని అప్పుడు నాకేం తెలుసు?

నెల తిరిగేసరికి జాకెట్లు వదులయ్యాయి. మా ఆయన రైల్లో తెనాలి తీసుకెళ్లారు. ఈసీజీ, ఎక్స్‌రే, బ్లడ్ టెస్టు, అన్నీ నార్మల్. డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టారు.

“నిన్న పాఠం ఎలా చెప్పావమ్మా?”

“హెడ్మాస్టర్ గారు ఇంకా ఏమీ అనలేదండి.”

“ఆయన సంగతి కాదమ్మా, నీ సంగతి అడిగా.”

సిగ్గుతో ఏడుపొచ్చింది.

“ఇది యాంగ్జైటీ. మాత్రలు ఇస్తా. రోజూ ఓ పుస్తకంలో నీ పాఠానికి పదికి నువ్వే మార్కు వెయ్యి. ఎవరైనా ఏమన్నా అంటే, దాన్నిబట్టి పక్కన ఇంకో మార్కు. నెలాగి తీసుకురా.”

నెల తర్వాత పుస్తకం తెరిచి ఆయన నవ్వారు. రెండు వరసలూ ఒక్కటే.

“టీచరువై ఉండి కాపీ కొట్టావేంటమ్మా!”

నిజమే. మొదట పెన్సిల్‌తో వేసేదాన్ని. ఎవరైనా నోరు విప్పగానే చెరిపి, వాళ్ల మాటకు తగ్గట్టు దిద్దేదాన్ని. కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించే మనిషిని నేను.

మళ్లీ దడ ముదిరింది. ఇక నావల్ల కాదని రాజీనామా రాసి, మా ఆయనకు చూపించి “బాగా రాశానా?” అని అడిగాను. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టారు.

“అది సరే, నీకేం కావాలో చెప్పు.”

“పాఠాలు చెప్పాలనుందండి” అనేశాను. ఆయన ఏమనుకుంటారోనని చూడకుండా అన్న మొదటి మాట అదే.

మర్నాడు గంట కొట్టగానే సిరాతో నాలుగు వేశాను. మధ్యాహ్నం హెడ్మాస్టర్ గారు “బ్రహ్మాండంగా చెప్పావమ్మా” అన్నారు. నాలుగు కొట్టేయాలని మనసు పీకింది. కొట్టేయలేదు.

ఇప్పుడు డాక్టరుగారు మాత్రలు ఆపించారు. దడ పూర్తిగా పోలేదు. స్టాఫ్ రూములో ఎవరైనా ముభావంగా ఉంటే ఇప్పటికీ టిఫిన్ గొంతు దిగదు. నాలాంటివాళ్లకు ఒకటే చెబుతాను: ఎవరినీ అడక్కముందే మీ మార్కు వేసుకోండి, సిరాతోనే వేయండి.

ఇది ఎవరికీ చూపించకుండా పత్రికకు పోస్టు చేస్తున్నాను. మీరేమైనా రాస్తే చదవకుండా ఉండలేను. కానీ దీనికి నా మార్కు ఇప్పటికే వేసేశాను. ఆరు.