జేజి వాళ్ళన్న తిథి

నా చిన్నప్పుడు మా వీధిలో ఉత్తరం చదవగలిగిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. చదివేది ఐదో తరగతి. ఆ ఐదో తరగతికే నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. చదువు రాని పెద్దవాళ్ళంటే జాలి కొంత, లోకువ చాలా. ఇప్పుడు తలుచుకుంటే నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది. ఆ లోకువ ఒక్క పూటలో ఎట్లా దిగిపోయిందో చెబుతాను.

మాది విడవలూరు. మా జేజికి, అంటే మా నాన్నను కన్నతల్లికి, ఒక అన్న ఉండేవాడట. ఇద్దరూ పుట్టింది విడవలూరులోనే. అమ్మా నాన్నా లేని చెల్లెల్ని చంకనెత్తుకుని పెంచి, పెళ్ళి చేసి, తాను మాత్రం పెళ్ళీ పెడాకులూ లేకుండా గూడూరు వైపు కాకిబంగారం, అదే అభ్రకం, గనుల్లో కూలికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆయన పోయిన కబురు కార్డు మీద వచ్చింది. అట్లాంటి కార్డుకు అంచుల్లో నలుపు పూస్తారు. దాన్ని గడప దాటనివ్వకూడదు. వీధిలోనే ఎవరిచేతైనా చదివించి, చించి పారేసి, తలకు పోసుకుని ఇంట్లోకి రావాలి. మా వాళ్ళు ఆ పద్ధతంతా తు.చ. తప్పకుండా చేశారు. ఏ ఊళ్ళో పోయాడో, ఏ రోజు పోయాడో ఆ కాగితం ముక్కలతోనే కాలవలో కొట్టుకుపోయింది. చదివిపెట్టిన పెద్దాయన కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు.

తిథి తెలియనివాళ్ళందరికీ కలిపి మహాలయ అమావాస్య ఉంది కదా, ఆ రోజే మా నాన్న ఆయన పేరున కూడా అయ్యవారికి స్వయంపాకం ఇచ్చేవాడు. జేజికి అది చాలేది కాదు. అందరికీ పెట్టేటప్పుడు వాడికీ ఇంత పెడితే సరిపోయిందా, నన్ను సాకినోడికి వాడిదంటూ ఒక రోజు ఉండబల్లేదా అని ప్రతి ఏడూ కళ్ళొత్తుకునేది. గ్రామ మునసబు దగ్గరున్న జనన మరణాల పుస్తకం కోసం రెండుసార్లు తిరిగింది. మూడోసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నేను పేజీలన్నీ తిరగేసి, పెద్ద ఆఫీసరులాగా లేడని చెప్పేశాను.

ఆ ఏడే మా పక్కింటికి కచేరీ తాత వచ్చాడు. గూడూరు తాలూకా కచేరీలో పాత కాగితాల గది చూసుకుని, పని విరమించి కూతురింటికి చేరినాయన. మనిషి సన్నం, గొంతు మాత్రం లావు. జేజి తన గోడు చెప్పుకుంటే విని, పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆయన ఈడ పోతే గదమ్మా ఈ పుస్తకంలో ఉండేది! మనిషి పోయిన ఊరి పుస్తకంలో ఉంటాడు గానీ, పుట్టిన ఊరి దాంట్లో యాడుంటాడు?”

మరి ఏ సంవత్సరం పుస్తకం చూడాలి? జేజికి సంవత్సరాలు తెలియవు. తాత అడిగింది కూడా సంవత్సరం కాదు. కార్డు వచ్చిన పొద్దు ఏం చేస్తా ఉన్నావని అడిగాడు. జేజి ఆలోచించనే లేదు. నారు పీకతా ఉన్నామంది. గట్టు మీద మా నాన్న దోగాడతా బురద తింటా ఉన్నాడంది. మా నాన్న వయసు తెలిస్తే చాలు కదా అని నేను పరుగున పోయి ఆయన బడి సర్టిఫికెట్ తెచ్చాను. తాత దాని వైపు కూడా చూడలేదు. “బళ్ళో రాసేది పంతులి ఇష్టం మే. మీ నాయిన పుట్టింది ఈ ఊళ్ళోనే గదా, మునసబు పుస్తకం చూద్దాం రా.” చూస్తే మా నాన్న తాననుకున్నదానికన్నా రెండేళ్ళు పెద్ద! ఆయన ఆ రోజంతా ముఖం మాడ్చుకుని తిరిగాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏమైతేనేం, బిడ్డ దోగాడే వయసు, నారు పీకే కాలం రెండూ కలిపి తాత సంవత్సరాన్నీ నెలలనీ ఒడిసిపట్టాడు.

జేజి, తాత, నేను ముగ్గురం బస్సులో నెల్లూరికి, అక్కడి నుంచి రైల్లో గూడూరికి వెళ్ళాం. కచేరీలో తాతను చూసి లేచి నిలబడనివాళ్ళు లేరు. అడిగి, అనుమతి తీసుకుని, గనులున్న నాలుగు ఊళ్ళ పాత పుస్తకాలు నా ముందు పెట్టించాడు. జేజి గడప దగ్గర కూర్చుని నా ముఖమే చూస్తోంది. మా జేజి పుట్టింటివాళ్ళ ఇంటిపేరు కోసం పేజీల మీద వేలు పరిగెత్తించాను. నాలుగూ అయిపోయాయి. లేడు జేజీ అన్నాను. ఆమె సంచీ దగ్గరికి తీసుకుని లేవబోయింది. 

తాత మాత్రం కదల్లేదు. “మళ్ళా చదువు మే. ఈ తూరి యెతకబాక. ఈ కొస నుంచి ఆ కొసకి ప్రతి వరసా బయటికి చదువు. మీ జేజి వింటది.”

చదివాను. మూడు నెలల పాప, జ్వరం. అరవై ఏళ్ళ ముసలమ్మ, దగ్గు. బాలింత. ప్రతి ఒక్కరికీ జేజి “అయ్యో తల్లీ” అంటూనే ఉంది. మూడో పుస్తకం సగానికి వచ్చాక ఒక వరస చదివాను. ఇంటిపేరు ఉండాల్సిన చోట విడవలూరు అని ఉంది. పక్కన పేరు. మగ, ముప్పై ఏళ్ళు, గనికూలి, జ్వరం.

“ఆగు మే,” అంది జేజి. “మా అన్నే.”

నా కళ్ళు దాటేసిన వరసను అక్షరం ముక్క రాని ఆమె చెవులు పట్టుకున్నాయి. పరాయి చోట కూలోళ్ళకు ఊరే ఇంటిపేరు మే, ఆ సంగతి చెప్పకుండా నిన్ను కూర్చోబెట్టింది నేనే అన్నాడు తాత. నా గర్వం చూసి కావాలనే చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. కోపం రాలేదు. సిగ్గేసింది.

ఆ వరస చివర, చావు కబురు చెప్పినవారు ఎవరో రాసే గడి ఉంటుంది. అక్కడ ఒక ఆడమనిషి పేరు, గనికూలి అన్న మాట, వేలిముద్ర ఉన్నాయి. ఆమె ఎవరో మాకు తెలియదు. జేజి వచ్చి ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించి, “ఎవురు తల్లీ నువ్వు, వాడి ఊరి పేరు గుర్తు పెట్టుకుని చెప్పినావు” అని బోరుమని ఏడ్చింది. తాత కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ ఏడ్చాను.

ఆ ఇంగ్లీషు తేదీని మా ఊరి అయ్యవారు పాత పంచాంగం తీసి తిథిగా మార్చాడు. కార్తీక బహుళ తదియ. ఆ ఏడు ఆ రోజున మా నాన్న జేజి వాళ్ళన్న ఒక్కడి పేరునే బియ్యం, పప్పు, కంద, అరటికాయలు ఇచ్చాడు. జేజి పొద్దుటి నుంచీ పెళ్ళివారింట్లోలాగా ఒకటే హడావిడి. అంతా అయ్యాక ఇంకో చాట నిండా బియ్యం పోసుకుని వీధిలో నిలబడింది. ఇదెవరికని అడిగితే, ఆ వేలిముద్ర ఏసినామె ఉందో పోయిందో మనకి తెలవదు గదమ్మా అంది. పనికి పోతూ మా గడప ముందు నుంచి వచ్చిన మొదటి కూలామె కొంగులో ఆ చాట ఒంపేసింది.

తర్వాత ఊళ్ళోవాళ్ళు తమ తాతముత్తాతలు పోయిన రోజులు కనుక్కోవాలంటే నా దగ్గరికే వచ్చేవాళ్ళు, ఇప్పటికీ వస్తుంటారు. పత్రికలో వేసిన పాత మరణవార్త ముక్క తెచ్చినా, ఏ కాగితమూ లేక ఉత్త చేతులతో వచ్చినా, నేను ముందు ఇంట్లో ముసలివాళ్ళను కూర్చోబెట్టి అడుగుతాను. దొరికిన ప్రతి వరసా చివరిదాకా బయటికి చదువుతాను. జేజి లేదు, నాన్న లేడు. జేజి వాళ్ళన్నను నేను కళ్ళతో చూసిందీ లేదు. కార్తీక బహుళ తదియ నాడు ఆయన పేరున ఇవ్వాల్సింది ఇప్పించి, చాటతో బియ్యం తీసుకుని వీధిలోకి వస్తాను. పనికి పోయే ఆడమనిషి ఎవరు ముందు కనిపిస్తే ఆమెను పిలిచి, ఏ ఊరు తల్లీ మీది అని అడిగి, ఆ ఊరి పేరు గుర్తు పెట్టుకుంటాను.