అవ్వ పట్కారు, చప్పుడు లేని బ్రష్షు

ఈ మధ్య మా ఇంట్లో పొద్దున్నే, నేను ఇంకా స్టవ్ అయినా వెలిగించకముందే, కోడికూర వాసన వస్తోంది. వంటింట్లోంచి అయితే బాగుండేది, బాత్‌రూమ్ అలమారలోంచి వస్తోంది. అది మా కుక్క కోకో పళ్లు తోమే పేస్టు. కుక్కలకు ఇష్టమని కోడికూర వాసన కలిపారట, పైగా మింగినా ఏమీ కాదట. మింగినా ఏమీ కాని మందు మురికిని మాత్రం ఏం చేస్తుందని నా అనుమానం. నా కూతురు షారోన్ ముందు ఆ మాట అంటే, ‘‘అమ్మా, నీకు అన్నిటి మీద అనుమానమే’’ అని నవ్వుతుంది.

పేస్టుతోపాటు ఒక బ్రష్షు కూడా తెప్పించింది. కోకోకు వయసు మీద పడింది, చిగుళ్లు వాచాయి, దగ్గరికి వస్తే నోటి వాసన భరించలేకపోతున్నాం. పళ్లన్నీ దవాఖానలో శుభ్రం చేయాలంటే మత్తు ఇవ్వాలి, ఈ వయసులో దాని గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. అందుకని ఈ అల్ట్రాసోనిక్ బ్రష్షు. నేను చూసిన కరెంటు బ్రష్షులన్నీ తుమ్మెదల్లా రొదపెడతాయి, ఇది మాత్రం మోగదు, తిరగదు, చేతిలో వణకనైనా వణకదు. పిడి మీద చిన్న నీలం దీపం వెలిగితే పని చేస్తున్నట్టు లెక్క. ‘‘దీంతో రుద్దుడు లేదమ్మా. ఊకె పంటి మీద పెట్టి కదలకుంట పట్టుకోవాలె, గంతే’’ అని చూపించింది షారోన్. రుద్దకుండానే మురికి పోయేటట్టయితే ఇన్నేళ్లూ గిన్నెలు తోమి నా వేళ్లెందుకు అరగాలి? కూతురు డ్యూటీకి వెళ్లగానే మరో బ్రష్షు తల తగిలించి ముందు నా పంటి మీదే పెట్టుకుని చూశాను. ఏమీ తెలియలేదు. పేస్టు కూడా నాలుక మీద వేసుకున్నాను, తీయగా, వెగటుగా ఉంది. ఈ బుద్ధి నాకు మా అవ్వ నుంచి వచ్చింది.

అవ్వ అంటే మా నాయనమ్మ ఎస్తేరమ్మ. ఆమె నమ్మే దేవుడు ఒక్కడే, మిగతా అందరినీ తూకం వేసి చూడాల్సిందే. కిరాణా దుకాణంలో తక్కెడ రెండు పళ్లేలూ ఖాళీగా ఎత్తించి చూసేది, పాలచుక్కను గోటి మీద జార్చి చూసేది, మంచినూనె అరచేతిలో రుద్ది వాసన పట్టేది. మా జొన్నచేను పక్కన ద్రాక్షతోట కౌలుకు చేసేవాళ్లు బుట్టెడు ద్రాక్ష ప్రేమగా పంపినా, అడుగున కుళ్లినవి పెట్టారేమోనని బుట్ట మొత్తం చాప మీద బోర్లించాకే మా పిల్లల చేతికిచ్చేది. చర్చిలో ప్రసంగం ఇవాళ కొద్దిసేపే అని ఫాదర్ చెబితే, ఆయన ముఖం వదిలి చేతి గడియారం వంక చూసేది. ఇంట్లోకి కొత్తగా ఏం వచ్చినా, అది దగ్గు మందైనా సరే, ముందు ఆమె నాలుక మీద పడాలి, తర్వాతే మాకు.

మా ఊరు శంషాబాదుకు, కొత్తూరుకు మధ్యన రోడ్డు నుంచి లోపలికి ఉండేది. చలికాలం పొద్దున లేస్తే మంచుకు ద్రాక్షపందిళ్లు కనబడేవి కావు. మొక్కజొన్న గింజలు ఒలిచాక మిగిలిన మక్క బెండ్లు మంటేసి నీళ్లు కాచేవారు, ఆ పొగ వాసన మా స్వెట్టర్లను బడి దాకా వదిలేది కాదు. మేమంతా పొయ్యి చుట్టూ కూర్చుని, పొయ్యిలోని బొగ్గునే నూరి ఉప్పు కలిపి పళ్లు తోముకునేవాళ్లం, మూతులన్నీ నల్లగా చేసుకుని ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్లం. అవ్వకు మాత్రం వేపపుల్లే. అదీ ఎవరో విరిచి ఇచ్చింది కాదు, తన చేత్తో విరుచుకున్నది. తోముకోవడం అయ్యాక మమ్మల్ని వరుసగా నిలబెట్టి ‘‘నోరు చూపియ్’’ అనేది. తోమామని చెబితే చాలదు, ఆమె కంటికి కనబడాలి. బడి నుంచి వచ్చాక కర్రాబిళ్లతో చిర్రగోనె, గోళీలతో గోటీలు ఆడి, ఇంటికి పోయే ముందు గోటీలు జేబులో దాచుకుని, ఆ సంగతి కూడా ఆమె కంట పడకుండా నడవడం మాకు ఒక విద్య.

మాకో కుక్క ఉండేది, పేరు నల్లోడు. చేను కాడ కాపలా దాని పని, పొద్దున ఒక రొట్టె, సాయంత్రం ఒక రొట్టె దాని జీతం. తల నిమిరేవాళ్లం, తోక పట్టుకుని పరిగెత్తేవాళ్లం, కాని నోటి దగ్గరికి చేయి తీసుకెళ్లడం మాత్రం ఊళ్లో ఎవరికీ ఊహలో కూడా లేదు. మా బాపును, అంటే నాన్నను, చిన్నప్పుడు ఊరకుక్క కరిస్తే శంషాబాదు దవాఖానలో బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు, ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా పెద్దవాడయ్యాక కూడా పొట్ట పట్టుకునేవాడు. మా పక్కింటి యాదయ్య మామ పెయ్యదూడను పిచ్చికుక్క కరిచింది, ఆ దూడ అరిచి అరిచి చచ్చిపోయింది. అందుకని మా ఊళ్లో కుక్క పళ్లు అంటే చావే.

ఒక ఏడు క్రిస్మస్ బాగా జరిగింది. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి నక్షత్రం కట్టాం, గరిజెలు, మురుకులు డబ్బాల నిండా చేశారు, పండుగ రోజు బగారా అన్నం, మటన్ కూర వాసనకు మేం గుడి అని పిలిచే చర్చి నుంచి ఇంటికి నడిచామో పరిగెత్తామో తెలియదు. యాదయ్య మామ ఇంటికి మా గిన్నె వెళ్లేది, వాళ్ల పండుగలకు వాళ్ల గిన్నె మాకు వచ్చేది. అందరూ తిన్నాక అవ్వ ఆకు నిండా కూరలోని ఎముకలు, మా మాటలో బొక్కలు, ఏరి తన చేత్తోనే నల్లోడి ముందు పెట్టింది. పండుగ పూట దానికి జీతం పెంచడం మా ఇంటి ఆచారం.

మర్నాడు పొద్దున నల్లోడు రొట్టె ముట్టలేదు. నోరు సగం తెరిచి తల ఒక పక్కకు వాల్చి నిలబడింది, సొల్లు తీగలు తీగలుగా మట్టిలోకి కారుతోంది. పిలిస్తే రాలేదు, వాకిట్లో అటూ ఇటూ తిరిగి ముఖాన్ని గోడకేసి రాసుకుంది. నీళ్ల గంగాళం దాకా వెళ్లి మూతి పెట్టి, చప్పున వెనక్కి తీసుకుంది. అంతే, పిచ్చికుక్కలా నీళ్లకు బెదిరిందన్న మాట వాడంతా పాకింది. మమ్మల్ని లోపల వేసి తలుపు గొళ్లెం పెట్టారు, మేం కిటికీ చువ్వలకు వేలాడాం. బాపు దాని మెడకు తాడు వేసి గుంజకు కట్టాడు. యాదయ్య మామ పొడుగాటి కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, దూడను పోగొట్టుకున్నవాడు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాడు.

‘‘పెద్దమ్మా, దానికి పిచ్చి లేచింది. ఇగ ఉంచొద్దు’’ అన్నాడు.

‘‘ఎవరు చూసిండ్రు?’’ అంది అవ్వ.

‘‘ఊరంత అంటున్నది గద.’’

‘‘అనుడు కాదు బిడ్డా. చూసిందెవరు?’’

మా అమ్మ లోపల ప్రార్థన చేస్తోంది, నాకు ఏడుపు ఆగడం లేదు. అవ్వ మాత్రం గంగాళాన్ని కుక్క ముందుకు జరిపి, అరుగు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. నల్లోడు మళ్లీ మూతి పెట్టింది, మళ్లీ తీసింది. నాలుక ఆడడం లేదు, నోట్లోకి వెళ్లిన నీళ్లు అలాగే బయటికి జారిపోతున్నాయి. కొంచెం ఆగి మళ్లీ వెళ్లింది.

‘‘నీళ్లకు భయమైతే మల్ల మల్ల నీళ్లకాడికే ఎందుకు పోతదిరా?’’ అంది అవ్వ.

ఆమె లేచి వెళ్లి, వేడి గిన్నెలు దించే పట్కారు, ఒక గోనెసంచి, ఒక మక్క బెండు తెచ్చింది. చేతికి పాత చీర ముక్క మోచేతి దాకా చుట్టుకుంది. ఇవాళ ఎవరైనా అలాంటి పని చేస్తానంటే నేనే రెండు చేతులూ పట్టుకుని ఆపుతాను. ఆ రోజు ఆపడానికి ఎవరికి ధైర్యం? బాపు సంచిలో చుట్టి కుక్కను అదిమి పట్టుకున్నాడు. యాదయ్య మామ కర్ర పక్కన పెట్టబోతే అవ్వ వద్దంది. ‘‘కర్ర దించకు, అట్లనే ఎత్తి పట్టుకో. నా అనుమానం తప్పయితే నీ పని నువ్వు చెయ్యి.’’ అందరినీ అనుమానించే మనిషి తనను తాను కూడా వదల్లేదు.

బెండును దవడల మధ్య అడ్డంగా దూర్చి, దాని తల సూర్యుడి వైపు తిప్పి, ఆ నోట్లోకి తొంగి చూసింది. పై పళ్ల మధ్య, అంగిట్లో, ఒక బొక్క ముక్క అడ్డంగా దిగబడి ఉంది. పట్కారు పెట్టింది, జారింది. మళ్లీ పెట్టింది. పట్కారు మూతి అక్కడ పట్టక చివరికి వేళ్లే పెట్టింది. ఊరంతా చావుందని చెప్పిన నోట్లో మా అవ్వ చెయ్యి మణికట్టు దాకా ఉంది. నల్లోడు గొంతులోంచి గురగురమంది, బెండు పటుక్కున విరిగింది. కాని నల్లోడు నోరు మూయలేదు. టక్కుమని బొక్క ఊడి వచ్చింది, యాదయ్య మామ చేతిలో కర్ర దానంతటదే కిందికి దిగింది. బాపు పట్టు వదలగానే నల్లోడు గంగాళంలో తల పెట్టి గటగట తాగుతూనే ఉంది. అవ్వ ఆ బొక్కను తిప్పి తిప్పి చూసి, ‘‘మటన్ కొట్టెటోడు కండ తక్కువేసి బొక్కలే తూచిండు’’ అంది.

పన్ను గీరుకుని అవ్వ వేలు తెగింది కాబట్టి బాపు ఆమెను బలవంతాన దవాఖానకు తీసుకెళ్లి సూదులు వేయించాడు. అది మందో నీళ్లో అని ప్రతి సూదికీ అనుమానపడుతూనే అన్నీ వేయించుకుంది. అప్పటి నుంచి ఆదివారం గుడి నుంచి రాగానే, తెల్లచీర మార్చుకోకముందే అరుగు మీద కూర్చుని ‘‘నోరు చూపియ్’’ అనేది, నల్లోడు వచ్చి నోరు తెరిచేది. ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డ వేలికి చుట్టి దాని పళ్లు తుడిచేది. నవ్వే వాళ్లుంటే, ‘‘మనుషుల నోట్ల ఏమున్నదో ఎట్లాగూ కనవడదు, దీని నోరన్న చూడనియ్యిండ్రి’’ అనేది. ‘‘అది కరవదని ఎట్ల నమ్మినవ్ అవ్వా?’’ అని నేను ఒకసారి అడిగాను. ‘‘నమ్ముడేంది? కరుస్తదనే భయపడ్డ. భయమైందని చూడకుంట ఉంటమా?’’ అంది.

తర్వాత చాలా ఏళ్లకు జీపులో మనుషులు టేపులు, జెండాకర్రలు పట్టుకుని వచ్చి మా చేల గట్లు కొలిచారు. రోడ్డు కోసమని ఒకరు, ఊరికే అని ఒకరు చెప్పారు. ‘‘కొలిచెటోడు ఊకెనె కొల్వడు’’ అంది అప్పటికే మంచం పట్టిన అవ్వ. ఆ అనుమానం కూడా నిజమే అయింది. ఇప్పుడు మా జొన్నచేను ఉన్న చోట ఎయిర్‌పోర్టు పొడవాటి కంచె, దాని వెనక గడ్డి, దాని మీదుగా విమానాలు. ద్రాక్షపందిళ్లు లేవు, మక్క బెండ్ల పొగ లేదు, ఆదివారం అరుగు లేదు. పట్కారు మాత్రం నా దగ్గరే ఉంది. దించడానికి అంత వేడి గిన్నెలు లేక అది అలమారలో పడి ఉంది.

ఈ పొద్దున షారోన్ ఎయిర్‌పోర్టు డ్యూటీకి వెళ్లాక నేనే కోకోను బాల్కనీలో కూర్చోబెట్టుకున్నాను. అది బ్రష్షును చూసింది, నన్ను చూసింది. నాకు బ్రష్షు మీద ఎంత అనుమానమో దానికి నా మీద అంత అనుమానం. పెదవి ఎత్తబోతే తల తిప్పేసింది, పళ్లు బిగించింది, చిన్నగా గురగురమంది. నా చేయి దానంతటదే వెనక్కి వచ్చింది. ‘‘నోరు చూపియ్’’ అన్నాను, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. దానికి ఆ మాట తెలియదు, తెరవలేదు. నేనే మెల్లగా దాని పెదవి ఎత్తి, అది పళ్లు కొంచెం వదులు చేయగానే, నీలం దీపం వెలుగుతున్న బ్రష్షును దాని వెనక పళ్ల మీద పెట్టి, కదలకుండా పట్టుకున్నాను. దాని ఊపిరి వేడిగా నా వేళ్ల మీద తగులుతోంది. పైనుంచి ఒక విమానం కిటికీలు అదిరేలా వెళ్లింది, అయినా కోకో కదల్లేదు.

కాసేపటికి చూస్తే పిడి మీద నీలం దీపం లేదు. ఎప్పుడు ఆరిపోయిందో, ఛార్జింగ్ ఎప్పుడు అయిపోయిందో, చప్పుడు లేని వస్తువు ఆగినట్టు ఎలా తెలుస్తుంది? అవ్వ ఉంటే, ‘‘నే చెప్పలే?’’ అనేది. నేను మాత్రం చేయి తీయలేదు. కోకో కూడా నోరు మూయలేదు.