ఎండలో ఆగిన ప్యానెళ్లు

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది వేసవిలో నన్ను హోసూరు సబ్‌స్టేషన్‌కు అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. బేరిగై వైపు ఊళ్లకు కరెంటు మోసే లైన్లు, అంటే ఫీడర్లు, నా కింద ఉండేవి. హోదా పేరు పొడుగే గాని, సగం ఉద్యోగం తిట్లు తినడమే.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, దూరాన ఒక అణు విద్యుత్ కేంద్రంలో యూనిట్ దానంతటదే ఆగిపోయింది. ఏదైనా కొలత హద్దు దాటితే రియాక్టరు అలా ఆగిపోవాలి. భద్రత అంటే అదే. ఇంకో యూనిట్‌ను ఇంధనం మార్చడానికి అప్పటికే ఆపి ఉంచారు. గాలిమరలకింకా గాలి కాలం రాలేదు. కరెంటు చాలక, పల్లె ఫీడర్లు ఆపమని రాష్ట్రమంతా కరెంటు పంపకం చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఫోనులో ఆదేశం వచ్చింది. ఆపాం.

కాసేపటికి బేరిగై నుంచి నంజప్ప ఫోను చేశాడు. గులాబీలు పండించే రైతు. పెళ్లిళ్ల కాలం, కోసిన మొగ్గలతో శీతల గది నిండి ఉంది. లారీ మరునాడు గాని రాదు. గది కప్పు మీద సోలార్ ప్యానెళ్లు వేయించాక, ఇక మా దయ అక్కర్లేదని డీజిల్ జనరేటరు అమ్మేశాడు. ఆ పక్క చాలామంది చేసిన పొరపాటే అది.

"ఎండ మండిపోతా ఉంది సార్. నా ప్యానెళ్లు ఎందుకు నిలిచిపోయినాయి?"

లైన్లో కరెంటు లేకపోతే, ప్యానెళ్ల కరెంటును లైనుకు కలిపే ఇన్వర్టరు కూడా ఆగిపోతుందని, లేకుంటే ఆ కరెంటు లైనెక్కి స్తంభం మీద పనిచేసేవాడి ప్రాణం తీస్తుందని చెప్పాను. బ్యాటరీ ఉంటే వేరు సంగతి. ఆయన పెట్టుకోలేదు.

"అణు కరెంటు యాడో నిలిస్తే ఈడ నా సూర్యుడెందుకప్పా నిలవాల? నా ఫీడరు ఒక్కటి వెయ్యి సార్," అని బతిమాలాడు. స్విచ్ నా చేతిలో ఉంది, అధికారం లేదు. వీలుకాదన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "సరేప్పా" అని పెట్టేశాడు. చాలా బాధేసింది.

డ్యూటీ దిగి వెళ్లి చూశాను. కరెంటు ఇంకా రాలేదు. జూజువాడి నుంచి అద్దెకు తెచ్చిన జనరేటరు ప్యానెళ్ల కిందే పొగ కక్కుతోంది. అప్పటికే వాకిలి దగ్గరి బుట్టల్లో మొగ్గలు విచ్చుకున్నాయి. విచ్చుకున్న పువ్వును వ్యాపారి ముట్టడు. ఆడవాళ్లు వాటిని ఏరి పక్కన పోస్తున్నారు. నంజప్ప నాకు కాఫీ ఇప్పించి, తనూ వెళ్లి వాళ్లతో ఏరడానికి కూర్చున్నాడు.

అణువు మంచిదా, సూర్యుడు మంచిదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. విసుగొస్తుంది. ఆ రోజు రెండూ భద్రంగానే ఆగాయి, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మిగిలిన పూలను కాపాడింది మాత్రం అందరం వద్దనుకున్న డీజిల్. ఏ కరెంటైనా ఆగుతుంది. ఆగినప్పుడు దాని బదులు ఏముందో ముందే చూసుకోకపోతే, ఆ నష్టం ఫీడరు చివర ఉన్నవాడిదే.