నలభై ఒక్క మొహాలు, వైరు లేని మౌసు

మంగళవారం పదకొండు గంటలకల్లా ఝాన్సీ నలభై ఒక్క మొహాల్లో పదిహేడు కత్తిరించింది. పద్దెనిమిదో మొహం దగ్గర చూపుడు వేలు మౌసు నొక్కిందో లేదో ఆమెకు తెలియలేదు. తెర మీద చూసి తెలుసుకుంది. నొక్కలేదు.

ఆమెకు ముప్పై ఏడేళ్లు. అరసవల్లి రోడ్డులో మురళీమోహన్ ఫ్లెక్సు షాపులో పద్నాలుగేళ్లుగా డిజైనరు. ఫోటోలోంచి మనిషిని విడదీయాలంటే చెవి, జుట్టు, చొక్కా కాలరు వెంబడి చుక్క చుక్కగా నొక్కుకుంటూ చుట్టి రావాలి. మొహానికి ఎనభై నొక్కులు తప్పవు. ఆ రోజు పని సముద్రపొడ్డున ఉన్న ఆమె పుట్టినూరిది. గంగమ్మ పండగ ఫ్లెక్సులో పడవ ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒక మొహం ఉండాలి. ఒక్కటి తగ్గినా ఆ ఇంటివాళ్లు ఊరేగింపుకి రారు. పోయినవాళ్లు పై వరసలో, మేఘాల మధ్య ఉంటారు.

వేళ్లు మొద్దుబారడం మొదలై ఏడాదిన్నర. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. మణికట్టు దగ్గర నరం నలుగుతోంది, మౌసు వాడకం తగ్గించమన్నాడు డాక్టరు. ఆమె తగ్గించలేదు. పోయిన నెలలో మూడు పనులు ఆలస్యమయ్యాయి. మురళీమోహన్ విషయం దాచలేదు.

"పాతపట్నంలో ఒకడున్నాడమ్మా. ఒకటో తారీకుకి నీ సోటికి వచ్చీమన్నాను. ఈ ఫ్లెక్సు మూడింటికి ప్రింటుకి ఎల్లిందనుకో, ఆడికి వద్దని సెప్పీస్తాను."

ఝాన్సీ సరే అంది.

పదకొండుంబావుకి ఆమె తమ్ముడు భాస్కర్ కొత్త మౌసు తెచ్చాడు. అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు. వైరు లేదు. నల్లగా, కాస్త పెద్దగా ఉంది. పాతది బల్లకి అతుక్కుపోయినట్టు చదునుగా ఉండేది, వైరు బల్ల అంచున తట్టుకునేది. దీనికి వెనకవైపు అరచేతిలోకి ఒదిగే గూను ఉంది. ఎడమ పక్క బొటనవేలు ఆనడానికి గరుకు పల్లం, దాని మీద రెండు చిన్న మీటలు. చిటికెన వేలు బల్లకి రాసుకోకుండా కుడి పక్క చిన్న అంచు.

"ఇది కంప్యూటర్లో ఆటలాడుకున్నోళ్లది కాదేట్రా?" అంది ఝాన్సీ.

"ఆటగాళ్లు పది గంటలు కూకున్న సోటి నుంచి లెగరప్పా. ఆల సెయ్యి నొప్పెట్టకుండా సేసినారు. పట్టుకుని సూడు, అరవై గ్రాములు కూడా నేదు."

షాపులోకి ఏ కొత్త వస్తువు వచ్చినా బొట్టు పెట్టకుండా పని చేయించరు. ప్రింటరుకి పెట్టారు, ఫ్లెక్సుకి కన్నాలు కొట్టే మిషనుకి పెట్టారు. మురళీమోహన్ కర్పూరం వెలిగించి, మౌసుని తిరగేసి, పసుపు కుంకుమ తడిపి అడుగున మూడు బొట్లు పెట్టాడు. మధ్య బొట్టు సరిగ్గా అక్కడున్న గుంటలో పడింది.

"పైన ఎడితే సేతికంటుకుంటాది. కింద బొట్టుకి సోటు కూడా ఉంచినారు" అన్నాడు.

ఆ గుంటే మౌసుకి కన్ను. ఝాన్సీ మౌసుని జరపగానే తెర మీద బాణం గుర్తు ఒక మూల నుంచి ఇంకో మూలకి గెంతింది. అప్పటికే భాస్కర్ వెళ్లిపోయాడు. పండగ కమిటీ తరఫున వచ్చి స్టూలు మీద కూర్చున్న గంగులు తెర వైపు వంగాడు. వరసకి ఆమెకి మేనమామ.

"ఏటే పిల్లా, మా అయ్య సెవి ఎగిరిపోనాది!"

"కూకో మావా. అతికిస్తాను."

"ఊరందరి బుర్రలూ కోసీసినావు. నిన్ను పోలీసులకి అప్పజెప్పాల."

కారణం దొరకడానికి అరగంట పట్టింది. చెవిలో పెట్టుకునే దూది పుల్లని ప్రింటరు తుడిచే మందులో ముంచి కుంకుమ తీసింది. బాణం నిలబడింది. పన్నెండుంబావు అయింది.

ఇప్పుడు మౌసు బాగా పనిచేస్తోంది. మణికట్టు వంగడం లేదు, చెయ్యి తేలిగ్గా జారుతోంది. అయితే మీట మరీ మెత్తన. పాత మౌసుని గట్టిగా నొక్కితే టక్కుమనేది, వేలికి తెలియకపోయినా ఎక్కువసార్లు చెవికి తెలిసేది. దీని మీద వేలు ఊరికే ఆనినా చుక్క పడుతోంది. గంగులు తండ్రి చెంప మీద పదకొండు చుక్కలు పడ్డాయి. ఆమె అన్నీ చెరిపింది. మళ్లీ ఏడు పడ్డాయి.

తమ్ముడికి ఫోన్ చేసింది. "నా ఉంగరం వేలికి స్పర్శ బాగానే ఉన్నాదిరా. దాంతో నొక్కితే అవదా?"

"అవుతాదప్పా. సెట్టింగుల్లో ఎడం మీట పని కుడి మీటకి మార్చీ. సూపుడు వేలు దాని మీద ఎట్టకు, పక్కకి తీసీ."

మార్చింది. బొటనవేలి దగ్గరి మీటలు గట్టివి, ఊరికే ఆనితే పడవు; వాటిలో ఒకదాన్ని చుక్క చెరపడానికి పెట్టుకుంది. చూపుడు వేలిని మధ్య వేలితో కలిపి ప్లాస్టరు చుట్టింది. మొదటి మొహానికి తొమ్మిది నిమిషాలు పట్టింది, ఆ తర్వాత అయిదు. అన్నానికి లేవలేదు. పాత మౌసు తీసుకోమని మురళీమోహన్ ఒకసారి చెప్పాడు. ఆమె తర్వాతి మొహం మొదలుపెట్టింది.

గంగులు తెర మీద వేలు పెట్టి మొహాలు రెండుసార్లు లెక్కపెట్టాడు. "సరిపోనాయి" అన్నాడు. ఫైలు ప్రింటుకి వెళ్లేసరికి మూడూ ఇరవై.

మురళీమోహన్ గడియారం చూశాడు, ఆమె చేతికున్న ప్లాస్టరు చూశాడు. బయట నిలబడి పాతపట్నం ఫోన్ చేశాడు. లోపలికి వచ్చి, "ఒకటో తారీకు వద్దన్నానమ్మా" అన్నాడు. "పదిహేనుకి రమ్మన్నాను."