మిగతా తొంభై ఆరు బొమ్మలు

టీవీలో ఒకే ఒక్క సెట్టింగు మార్చి, మా మామగారి పరువునూ నా పరువునూ ఒకే సాయంత్రం నిలువునా ముంచిన కథ ఇది. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఆవిడ హేమ ఇప్పటికీ నవ్వడం ఆపలేదు.

నేను విజయవాడ నుంచి ఉద్యోగానికి చెన్నై వచ్చి, సౌకార్‌పేటలో తరతరాలుగా చీరల హోల్‌సేల్ చేస్తున్న తెలుగువాళ్ల ఇంటికి అల్లుణ్ణయ్యాను. ఆ ఇంట్లో పసిపిల్లలు కూడా చీర పట్టుకుని నేత చెప్పేస్తారు. నాకు నేతా తెలీదు, బేరమూ రాదు. సాఫ్ట్‌వేర్ అల్లుడంటే వాళ్ల దృష్టిలో ఉత్త అల్లుడే. అందుకే మామగారు గోడంత టీవీ కొన్నప్పుడు, నా విలువ చూపించుకోవడానికి దేవుడే దాన్ని పంపాడనుకున్నాను.

ఆయన ఆ టీవీ ఊరికే కొనలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని ఒక పౌరాణిక సినిమా చూశారట. పోయిన నాన్న గురించి ఆయనకు బాగా గుర్తున్నది అదొక్కటే. దాన్ని మళ్లీ పెద్దగా చూడాలని, వీధిలోని సావాసగాళ్లందరినీ ఆదివారం సాయంత్రానికి పిలిచారు.

ఆ మధ్యాహ్నం రిమోట్ పట్టుకుని నేను ఉపన్యాసం మొదలెట్టాను.

"మామయ్యగారూ, ఇది ఫోర్ కె. బొమ్మలో చుక్కలెక్కువ. సన్న దారంతో నేసిన చీర మీద పువ్వు ఎంత స్పష్టంగా ఉంటుందో, అట్లా."

"అట్ట చెప్పండి!" అంటూ ఆయన ముందుకు జరిగారు.

"పైగా సెకనుకు నూట ఇరవైసార్లు బొమ్మ వేస్తుంది. సినిమాలో ఉండేవి ఇరవై నాలుగే అనుకోండి."

ఆ రెండో ముక్క అనకుండా ఉంటే మీకీ కథ ఉండేది కాదు. మూట విప్పితే చీరలు తక్కువొచ్చినట్టు మామగారి మొహం మారిపోయింది.

"నూట ఇరవై అని కదా కొన్యాము? ఇరవై నాలుగే ఇస్తాడా? మిగతా తొంభై ఆరు ఏడ పొయ్యినాయి?"

నిజానికి నాకూ తెలీదు. తెలీదంటే మళ్లీ ఉత్త అల్లుణ్ణే. మెనూలోకి దిగి వెతికితే, కదలికను నునుపు చేసే సెట్టింగ్ ఒకటి దొరికింది. బొమ్మకూ బొమ్మకూ మధ్య టీవీయే సొంతంగా కొత్త బొమ్మలు కల్పించి పెడుతుందట. దాన్ని చివరిదాకా తోసేశాను.

"ఇప్పుడు నూట ఇరవైకి నూట ఇరవై, మామయ్యగారూ!"

"శభాష్! హేమా, అల్లుడుగారికి కాఫీ తే!"

పెళ్లయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ కాఫీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

సాయంత్రానికి హాలు నిండింది. అందరూ అవ్వ అని పిలిచే మామగారి తల్లి ముందు వరుసలో చేతులు జోడించి కూర్చుంది. సినిమా మొదలైంది. దేవలోకం వచ్చింది గానీ, ఎవరో పక్కింటి వరండాలో ఫోన్‌తో తీసినట్టుంది. మహారాజు నడవడం మానేసి నేల మీద జారుతున్నాడు. కిరీటం అట్టముక్కని తెలిసిపోతోంది. అతను కత్తి తిప్పితే చుట్టూ మరో నాలుగు దయ్యపు కత్తులు తేలాయి.

"ఏంది సామీ, ఇది మధ్యాహ్నం సీరియల్ మాదిరి ఉండాదే," అన్నాడు ఒక సావాసగాడు.

"ఇన్నేండ్లుగా మీరు చెప్తా ఉండే సినిమా ఇదేనా?" అన్నారు ఇంకొకరు.

అవ్వ చేతులు దించేసింది. "ఒరే, దేవుడు ఏడరా? వేషం కట్టినోడు ఎవడో తిరగతా ఉండాడు!"

మామగారు టీవీ వదిలేసి నా వైపు తిరిగారు. వాళ్ల నాన్నతో చూసిన సినిమాను నా చేత్తో పాడుచేశానని నిజంగా సిగ్గేసింది.

"మాప్ళే," అన్నారు చివరికి. కోపమొస్తేనే ఆయన నన్ను తమిళంలో అల్లుడంటారు. "ఏం చేసి పెట్టినారు?"

"అదేనండీ, ఆ తొంభై ఆరు..."

"పోదుం, చాలు!" అని హేమ గదమాయించింది. "మీరేది నొక్కినారో ముందు అది వెనక్కి నొక్కండి!"

నొక్కాను. మరుక్షణం మహారాజు మహారాజైపోయాడు. కత్తి ఒక్కటే మిగిలింది. అవ్వ చేతులు మళ్లీ జోడించింది. "మీ నాయన నిన్ను ఎత్తుకోని చూపించింది ఇదేరా," అంది. మామగారు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు.

అందరూ వెళ్లాక ఆయన నా పక్కకొచ్చి కూర్చున్నారు. "సినిమా బ్రహ్మాండం, అల్లుడుగారూ. అయినా ఆ తొంభై ఆరు ఏడ ఉండాయి?"

ఈలోగా నేను ఫోన్‌లో అంతా చదివేశాను. "ఎక్కడికీ పోలేదండీ. ఒక్కో బొమ్మనే ఐదుసార్లు చూపిస్తుంది. ఇరవై నాలుగు ఐదులు నూట ఇరవై!"

మామగారు దిగ్గున లేచారు.

"ఒకే చీరను అయిదు తూర్లు విప్పి చూపించి, అయిదు చీరలంటే మన వీధిలో ఒప్పుకుంటారా? రేప్పొద్దున ఆ టీవీ షాపుకు పోదాం పదండి, మాప్ళే! మీరే అడగాల. మీకే కదా అన్నీ తెలుసు!"

వెళ్లాం. అడిగాను కూడా. షాపువాళ్లు నన్ను చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

అందుచేత, రిమోట్ మీద చెయ్యి వేసి ఇంటిల్లిపాది ముందు ప్రమాణం చేశాను: ప్రాణం పోయినా ఏ వ్యాపారి ముందూ ఏ వస్తువు గురించీ అంకె చెప్పను. మొన్న మామగారు ఫ్రిజ్ కొని, ఇది ఎన్ని లీటర్లని అడిగారు.

"చల్లగా ఉంటుందండీ," అన్నాను.