కొరకడానికే కట్టిన తోలు

"దేవుడి మాటను కొరుకుతావటే, పాపిష్టిదానా!" అంటూ కలీచ మనవరాలి వీపు మీద ఒక్కటి చరిచింది.

అట్‌బషి సంతలో, గుర్రపు జీన్లు అమ్మే వరసలో జరిగిందది. ఆ పిల్ల పేరు ఐజిరెక్. తన గౌను మెడపట్టీ, చేతి అంచులు, చివరికి చలికోటు బొత్తాలు కూడా నమిలేసేది. కలీచ వాటికి కారం రాసింది. పిల్ల ఏడుస్తూనే నమిలింది. చూడలేక, గుర్రపు కళ్ళేలు కుట్టే నా స్నేహితురాలు బురుల్ మూడు మూలల తోలుముక్క ఒకటి కుట్టి దాని మెడలో వేసింది. మూడు మూలలు కనిపిస్తే మావాళ్ళకు అది లోపల ప్రార్థన రాసిన కాగితం ఉన్న తాయెత్తే. కలీచా అలాగే అనుకుని ఆ దెబ్బ వేసింది.

బురుల్ ఆ తోలును కత్తితో చీల్చి ఆమె ముక్కు ముందు పెట్టింది.

"చూడొదినా, ప్రార్థన కాగితం ఉందా? మేకతోలు, దాని లోపల మళ్ళీ మేకతోలు. కొరకడానికే కట్టాను."

"ఆడపిల్లకు కళ్ళెం వేస్తావా?"

"వేస్తే నీ నోటికే వెయ్యాలి. అంత తోలు నా దగ్గర లేదు."

సంతంతా నవ్వింది. కలీచ పిల్లను ముందుకు తోసి, "చింపావుగా, ఇంకోటి కుట్టివ్వు మరి!" అంది.

అప్పటినుంచి బట్టలు నమిలే పిల్లలందరికీ, ఎవరూ తాయెత్తు అనుకోకుండా, బురుల్ గుండ్రంగానే కుట్టేది. మజ్జిగ తేటలో నానిన తోలు వాసన, బురుల్ ఇంటి వాకిట్లో పాల టీ, తడిసిన మెడపట్టీలతో వచ్చి నిలబడే పిల్లలు... ఇప్పుడు తలుచుకుంటే ఆ వాకిలే ఊరు అనిపిస్తుంది. మెడతాడుకు గుర్రాన్ని కట్టే జారుముడి వేసేది. ఎక్కడైనా తగులుకున్నా మెడకు బిగుసుకోదు, లాగితే చాలు, ఊడి చేతికొస్తుంది. ఇప్పుడు పిల్లలు నమలడానికి పట్నం నుంచి రంగు రంగుల రబ్బరు బిళ్ళలు వస్తున్నాయట. మా మనవడి పెళ్ళాం తెగ మెచ్చుకుంటుంది. దానికి రంగుంటే చాలు.

బిడ్డకు ఇచ్చే ముందు ప్రతి తోలునూ బురుల్ తానే నమిలి చూసేది. గట్టిగా ఉంటే పాలపళ్ళు నొస్తాయి, మెత్తగా ఉంటే ముక్క ఊడి గొంతులో పడుతుంది. మొన్న చలికాలంలో ఆమెకు మిగిలిన నాలుగు పళ్ళూ రాలిపోయాయి. ఈ వసంతంలో ఐజిరెక్ తన కూతుర్ని తీసుకొచ్చింది. అచ్చం తల్లే, చేతి అంచు నోట్లోనే ఉంది. బురుల్ తోలు కుట్టింది గానీ పిల్ల చేతికివ్వలేదు. చాలాసేపు అరచేతిలో తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత పక్కనే కూర్చున్న నా వైపు చాచింది.

"నీకింకా పళ్ళున్నాయి కదే. ఇన్నాళ్ళూ వాటిని ఊరివాళ్ళ మీద వాడింది చాల్లే. ఇది కొరికి, ముక్క ఊడుతుందేమో చెప్పు. చప్పరించడం కాదు, బలంగా కొరుకు."